ఏడో కూత

"నీళ్ళు తాగినోడు జట్టులో ఉండడు. నీళ్ళు పడితే దమ్ము తెగుతాది. మా చిన్నాయన చెప్పినాడు."

పెనుకొండ బడి చెడుగుడు జట్టుకు తిమ్మరాజు కెప్టెన్. అతని చిన్నాయన జీవితంలో ఒక్కసారే కుస్తీ పట్టాడు, అదీ ఓడిపోయాడు. ఆ సంగతి మాత్రం తిమ్మరాజు ఎవరికీ చెప్పలేదు.

అది 1938. ఉగాది ఇంకా రాలేదు, ఎండ మాత్రం మాడ్చేస్తోంది. ఆదివారం కాబట్టి మైదానంలో అయ్యవారు లేరు. హిందూపురం జట్టుతో పోటీకి ఇంకా నెల ఉంది. అందరి ఆశా కుళ్ళాయప్ప మీదే. తండ్రి లేని ఆ పిల్లవాడు తిమ్మరాజుకు ప్రాణస్నేహితుడు.

మొదటి కూతలో కుళ్ళాయప్ప ముగ్గురిని తాకి వచ్చాడు. రెండోసారి ఇద్దరిని. నాలుగోసారి ఒక్కరూ దొరకలేదు.

"ఏమప్పా, నిద్రపోతాండావా?" అన్నాడు తిమ్మరాజు.

"నోరు ఎండిపోతాంది తిమ్మా. ఒక్క గుక్క తాగొస్తా."

"ఆట అయినాక తాగుదువులే. పో!"

ఏడో కూత మధ్యలోనే ఆగిపోయింది. కుళ్ళాయప్ప మోకాళ్ళ మీద కూలబడి, ముందుకు పడిపోయాడు. తిమ్మరాజు పరుగెత్తి పట్టుకున్నాడు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. పిలిస్తే పలకలేదు. తిమ్మరాజుకు చచ్చేంత భయం వేసింది.

పిల్లలు అతన్ని ఎదురింటి వసారాలోకి మోశారు. ఆ ఇంటి నాగమ్మవ్వ తడిగుడ్డతో తలా మెడా తడిపి విసరసాగింది. తిమ్మరాజు నీళ్ళచెంబు అతని నోటికి పెట్టబోతే చెయ్యి పట్టుకుంది.

"తెలివి రానీరా! ఇప్పుడు పోస్తే ఊపిరికి అడ్డం పడతాది."

చాలాసేపటికి కుళ్ళాయప్ప కళ్ళు తెరిచాడు. అవ్వ ఉప్పు వేసిన మజ్జిగ కొంచెం కొంచెంగా తాగించింది.

"నీళ్ళు వద్దన్నది ఎవుర్రా?"

"నేనే అవ్వా."

"ఎద్దునైనా నాలుగు సాళ్ళు దున్నినాక నీడకు తోలి నీళ్ళు పెడతామే! చెమటంతా కారిపోయినాక ఇంక పరిగెత్తేదానికి ఒంట్లో ఏముంటాది?"

తిమ్మరాజు అవ్వ చేతిలోని విసనకర్ర తీసుకుని తానే విసరసాగాడు.

కుళ్ళాయప్ప వారం రోజులు మంచం దిగలేదు. వాళ్ళమ్మ కూలి మానుకుని పక్కనే కూర్చుంది. తిమ్మరాజు రోజూ వెళ్ళి గడప దగ్గర నిలబడేవాడు. ఆమె ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండును అనిపించేది.

పోటీ రోజున హిందూపురంలోనూ నిప్పులు చెరిగే ఎండే. తిమ్మరాజు నీళ్ళకుండ గీత పక్కనే పెట్టించాడు. కూత కూతకూ చెంబు అందించాడు. ఆట చివరికొచ్చింది. ఒక్క పాయింటు వస్తే గెలుపు పెనుకొండదే.

"నేనే పోతా," అన్నాడు కుళ్ళాయప్ప. అతని మొహం కందిపోయింది. కాళ్ళు తడబడుతున్నాయి.

"వద్దు. నువ్వు కూచో."

"ఓడిపోతామురా!"

"పోతే పోనీ."

తిమ్మరాజు అతన్ని గోడ నీడకు నడిపించి తల తడిపాడు. తర్వాత తానే కూతకు వెళ్ళాడు. హిందూపురం వాళ్ళు రెండడుగుల్లోనే పట్టేశారు. పెనుకొండ ఓడిపోయింది.

తిరుగు రైల్లో ఎవరూ తిమ్మరాజుతో మాట్లాడలేదు. కుళ్ళాయప్ప కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. తిమ్మరాజుకు ఏడుపొచ్చింది. మొదటి స్టేషన్లో రైలు ఆగగానే దిగి, పరుగున నీళ్ళు పట్టుకొచ్చాడు.

"నీతో మాట్లాడను పో," అన్నాడు కుళ్ళాయప్ప.

"మాట్లాడొద్దులే. తాగు."