సంగీతం కాదన్న సంతకం

"సంగీతం అందినట్టు ఆధారం ఏదండీ?"

అకౌంట్స్ ఆఫీసరు అలా అడిగేసరికి, ఎంతటి అతిథినైనా మాటలతో బుట్టలో వేసుకోగల ఆ హోటల్ రిసెప్షన్ మేనేజర్ ఖాళీగా ఉన్న పియానో వైపు వేలు చూపించాడు.

సంగతి ఇది. లాబీలో పియానో వాయించడానికి హోటల్ యజమాని ఒక కళాకారుడికి ఏడాది జీతం ముందుగానే, ఒకే మొత్తంగా చెల్లించాడు. అలా ఇస్తే కొంత తగ్గిస్తానని కళాకారుడు అన్నాడట. తగ్గింపు అనగానే ఇంగితం వదులుకునే పెద్దమనుషులకు లోకంలో కొదవ లేదు. డబ్బు ముట్టిన మర్నాడే కళాకారుడు అజాపజా లేకుండా పోయాడు.

ముందుగా ఇచ్చిన డబ్బు, సేవ అందిన మేరకే నెలనెలా ఖర్చుగా మారాలి. అందాకా 'ముందస్తు ఖర్చులు' అన్న పద్దులో కూర్చుంటుంది. పాట లేదు గనుక పద్దు కదలలేదు.

"డబ్బు పోయిందని రాసేద్దాం సార్," అన్నది అకౌంట్స్ ఆఫీసరు, యజమానితో.

"పోయిందని రాస్తే నేను మోసపోయినట్టు కాదూ! ససేమిరా వీల్లేదు. ఎవరో ఒకరు వాయించండి. పద్దు తగ్గాలి."

"నేను స్వయంగా వింటేనే సంతకం పెడతాను," అన్నదామె.

"నేను వాయిస్తాను సార్!" అన్నాడు మేనేజర్. అతనికి పియానో రాదు. ఆమె స్వయంగా వింటానన్నది మరి.

ఆనాటి నుంచి ప్రతి సాయంత్రం ఆమె ఫైలు ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చునేది. అతను ఒంటి వేలితో వాయించేవాడు. ఇత్తడి బిందెలో గులకరాళ్ళు పోస్తున్నట్టుండేది. అతిథులు లిఫ్టు కోసం ఆగక మెట్లెక్కి పారిపోయేవారు.

"ఇది నిన్నటి పాటేగా?"

"కాదండీ. నిన్నటిది విషాదం, ఇవాళ్టిది ఉల్లాసం."

"తేడా ఎక్కడుంది?"

"నా మొహంలో. మీరు ఫైల్లోంచి తలెత్తితే కనిపిస్తుంది."

ఆమె తలెత్తింది. ఉద్యోగధర్మానికి అవసరమైన దానికంటే కాస్త ఎక్కువసేపే చూసింది. 'వాయించారు' అని రాసి సంతకం పెట్టింది.

ఒకనాడు వాన దంచికొట్టింది. "చప్పుడుకు వినిపించడం లేదు," అంటూ ఆమే కుర్చీ దగ్గరికి జరుపుకుంది. అతని వేలు తప్పు మీట మీద పడింది. ఒప్పు మీట ఏదో అతనికి ఎలాగూ తెలియదు.

పద్దు నెలనెలా కరిగింది. యజమాని మీసం మెలేశాడు. మేనేజర్ గుండెల్లో మాత్రం రాయి పడింది. పద్దు సున్నా అయ్యాక ఆమెకు లాబీలోకి దిగివచ్చే పనే ఉండదు.

ఏడాది చివర ఆడిటర్ వచ్చాడు. ఒక పాట ఆసాంతం విన్నాడు, పాపం.

"ఏమ్మా, ఇది సంగీతమేనా?"

"వాయించారని రాశాను. సంగీతమని ఎక్కడా రాయలేదు."

"సూటిగా చెప్పండి."

"కాదు."

మేనేజర్ మీటల మీంచి వేలు తీసేశాడు.

"అయితే సేవ అందనే లేదు. ఖర్చు రాసినదంతా వెనక్కి, ముందస్తు పద్దులోకి తిప్పండి," అని ఆడిటర్ చెవులు రుద్దుకుంటూ వెళ్ళిపోయాడు.

యజమాని లబోదిబోమన్నాడు. అయినా బుద్ధి రాలేదు. "పోయిందని మాత్రం రాయను! మళ్ళీ మొదట్నుంచీ వాయించండి!" అని గదిమి వెళ్ళాడు. కొత్తగా పైసా చెల్లించకుండానే ముందస్తు ఖర్చులు పెరిగిన హోటల్ బహుశా అదొక్కటే.

లాబీ ఖాళీ అయింది.

"నలుగురిలో నా పరువు తీశారు కదండీ! 'ఏదో, ఫరవాలేదు' అంటే మీ సొమ్మేం పోయింది?"

"ఏడాది పోయేది."

"అంటే?"

"ఫరవాలేదంటే పద్దు ఇవాళ్టితో సరి. రేపట్నుంచి నేనెందుకు దిగొస్తాను? ఇప్పుడు చూడండి, మళ్ళీ నిండుగా ఉంది."

అతను తూలి మీటల మీద చెయ్యి ఆనించాడు. పియానో భోరుమంది.

"మీరు రావడం మానేస్తే ఏమైపోతానో అని నెల్లాళ్ళుగా నిద్రలేదండీ నాకు. మీరంటే నాకు..."

"తెలుసు. ఎదుటే కూర్చున్నాగా, నాకేం చూపు లేదా?" ఆమె ఈసారి కుర్చీ కోసం చూడలేదు. పియానో బల్ల మీద అతని పక్కనే కూర్చుంది. "ఒకటే షరతు. పొరపాటున కూడా నేర్చుకోకండి. ఖర్చైపోతుంది."