కిటికీ పార్టీ, పండు పార్టీ

తాగి వచ్చే మొగుణ్ణి నలుగురిలో తిట్టుకోవచ్చు. పేకాటకు పోయే మొగుడి మీద పుట్టింటికి ఫిర్యాదు చేసుకోవచ్చు. జీతం బత్తెం లేకుండా, పొద్దున లేచింది మొదలు ఒక కంప్యూటర్ కంపెనీ తరఫున వకాల్తా పుచ్చుకునే మొగుడి గురించి ఎవరితో చెప్పుకోవాలో మాత్రం ఆ ఇంటి కోడలికి ఇన్నేళ్ళ కాపురంలోనూ తెలియలేదు. చెప్పుకున్నా జాలిపడేవాళ్ళు లేరు. "అంతేనా? మా ఆయనతో ఒక్క వారం వేగి చూడు" అంటారు.

అతను ఫొటోగ్రాఫరు. వీధి చివర చిన్న స్టూడియో ఉంది. అందులో కంప్యూటర్ మీద కొరికిన పండు బొమ్మ ఉంటుంది. ఆ పండు తప్ప మిగతావన్నీ కంప్యూటర్లని చెప్పుకు తిరిగే రేకు డబ్బాలని అతని నమ్మకం. ఆ రేకు డబ్బాల్లో ఒకటి ఇంట్లోనే, హాల్లో మూల బల్ల మీద ఉంది. నాలుగు అద్దాల కిటికీ బొమ్మతో తెరుచుకునే పాత రకం. అది అత్తగారిది. గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన ఆవిడ, ఒక వారపత్రికకు గళ్ళ నుడికట్టు తయారుచేస్తారు. అడ్డాలు, నిలువులు, వాటి ఆధారాలు, నల్లగళ్ళు అన్నీ ఆవిడవే. ఆ పేజీ తప్ప పత్రికలో ఇంకేదీ చదవని పాఠకులున్నారని ఎడిటరే ఒకసారి ఒప్పుకున్నాడు, కొంచెం బాధగానే.

తల్లీకొడుకుల యుద్ధం రోజూ కాఫీతో మొదలవుతుంది.

"మీవాడు ఇంకా లేవలేదా అమ్మా?" అన్నాడు ఆ రోజు కూడా, తెర మీద గిరగిరా తిరుగుతున్న చుక్కల్ని చూస్తూ.

"లేస్తాడు. పెద్దవాడు. మీవాడిలా ముట్టుకుంటే ఉలిక్కిపడే రకం కాదు."

"మావాడు ఒంట్లో బాలేదని ఒక్కరోజు పడుకున్నాడా?"

"పడుకోడు. పడుకుంటే లేపడానికి ఆస్తులు అమ్మాలని వాడికీ తెలుసు."

వంటింట్లో కోడలు నవ్వుకుంది. కొత్తలో ఈ మాటలు విని, ఎవరో బంధువుల గురించి కొట్లాడుకుంటున్నారని కంగారుపడింది. తర్వాత అలవాటైపోయింది. నిజానికి తల్లీకొడుకులకు ఇంకో రకంగా ముద్దు చేసుకోవడం రాదు.

ఆ రోజు మాత్రం పెద్దవాడు లేవలేదు. గురగురమని, కిర్రుమని, చివరికి ఊరుకున్నాడు. ఒకటికి నాలుగుసార్లు మీట నొక్కాక లేచాడు గానీ, ఫొటోగ్రాఫరుకు అంతకంటే అవకాశం ఏం కావాలి? రొట్టె ముక్క పక్కన పెట్టి ఎన్నికలు ప్రకటించాడు.

"ఇక చాలమ్మా. ఏదో ఒకరోజు నీ గళ్ళన్నీ మింగేసి కూర్చుంటుంది. కొత్తది కొందాం. ఏ రకం కొనాలో ఓటు వేద్దాం. నాది పండు."

"నాది కిటికీయే. బాగుచేయించు, చాలు" అన్నారు అత్తగారు.

ఇద్దరూ కోడలి వైపు తిరిగారు. కోడలికి కంప్యూటర్ల తత్వం తెలియదు. ఆ బల్ల కింద చిక్కుపడిపోయిన తీగల తత్వం మాత్రం బాగా తెలుసు. వాటి మధ్య చీపురు దూర్చేది తనే. పండు కంప్యూటర్‌కు ఒక్కటే తీగ ఉంటుందని స్టూడియోలో చూసింది.

"పండు" అంది.

అత్తగారు మీటల మీద అరచెయ్యి ఒకసారి ఆనించి, "సరే మరి" అన్నారు. ఓడిపోయినప్పుడు కనీసం రెండు చురకలైనా వేసే మనిషి అంత మెత్తగా ఒప్పుకోవడం వింతగా అనిపించింది కోడలికి. తీగల పీడ వదిలిన సంబరంలో ఆ వింత మరుగున పడిపోయింది.

కొత్త కంప్యూటర్ వచ్చింది. పల్చటి తెర, హాలంతా వెలుగు. పాతది స్టూడియో వెనకగదిలో, రంగు వెలిసిన తెరల పక్కకు చేరింది. ఫొటోగ్రాఫరు అమ్మ ఫైళ్ళన్నీ దగ్గరుండి మార్చి పెట్టాడు.

ఆ తర్వాత ఇంట్లో యుద్ధం ఆగలేదు సరికదా, ముదిరింది.

"ఏమిట్రా ఈ వెలుగు? కళ్ళల్లో సూదులు గుచ్చినట్టుంది."

"ఇన్నాళ్ళూ గుడ్డిదీపం ముందు కూర్చున్నావు కదమ్మా, అలాగే ఉంటుంది."

"ఆ బాణం ఎక్కడ చచ్చిందో కనపడదు."

"కిటికీ పార్టీ వాళ్ళందరూ మొదట్లో ఇదే మాట అంటారు."

"ఏ మీట నొక్కితే ఏమవుతోందో తెలియట్లేదు. కాపీ చెయ్యమంటే ఇంకేదో చేస్తోంది."

"ఆ మీట ఇందులో పక్కనే ఉంటుందమ్మా. కింద చూసుకుని నొక్కు. మనసు పెడితే రెండు రోజుల్లో వచ్చేస్తుంది. నువ్వు మనసు పెట్టడం లేదు."

కోడలు పళ్ళేలు సర్దుతూ వినేది. మాటకు మాట, ఎప్పుడూ ఉన్నదే. కాకపోతే అత్తగారి మాటల్లో నవ్వు తగ్గిందని ఒకటి రెండుసార్లు అనిపించింది.

వారపత్రిక ఎడిటరు ఫోన్ చేసింది ఒక సాయంత్రం. అప్పుడే ఫొటోగ్రాఫరు స్టూడియో మూసి వచ్చి బూట్లు విప్పుకుంటున్నాడు. అత్తగారు చేతులు కడుక్కుని వచ్చేలోగా కోడలు స్పీకర్ నొక్కింది.

"అమ్మా, ఏమనుకోకండి. ఈ వారం నుడికట్టు గురించి పొద్దుట్నుంచీ ఫోన్లే ఫోన్లు. నల్లగడి ఒకటి పక్కకి జరిగింది. ఒక నిలువుకి గళ్ళు మూడే ఉన్నాయి, జవాబుకేమో అయిదు అక్షరాలు. మీ దగ్గర ఇలా ఎప్పుడూ జరగలేదు కదా, అందుకని మేమూ చూడలేదు."

అత్తగారు నిలబడినచోటే కుర్చీ కోసం చేత్తో వెతుక్కుని కూర్చున్నారు. "నాదే పొరపాటు నాయనా" అని ఫోన్ పెట్టేశాక, కొడుకు వైపు తిరిగి, "చూశావా నీ పండు చేసిన నిర్వాకం?" అన్నారు.

మామూలుగా అయితే అతను ఏదో ఒకటి అని నవ్వేసేవాడే. ఆ రోజు ఎవరో ఫొటోలు నచ్చలేదని బేరమాడి వెళ్ళారు. చిరాకు మీద ఉన్నాడు.

"గడి దానంతటది జరుగుతుందా అమ్మా? ఎవరో జరపాలి కదా!"

"అంటే?"

"అంటే ఏముంది? నేను కొన్నది ఓడిపోవాలి. అది చాలు నీకు. దాని కోసం నీ పేజీనే పాడుచేసుకున్నావు."

"ఏవండీ!" అంది కోడలు.

"నువ్వుండు. వచ్చిన దగ్గర్నుంచీ వంకలే. వెలుగు ఎక్కువ, బాణం చిన్నది, మీటలు తేడా. కొత్తది నేర్చుకోవడం ఇష్టం లేదని చెప్పెయ్యొచ్చుగా!"

అత్తగారి మొహంలో కోపం వస్తుందేమోనని కోడలు చూసింది. రాలేదు. అదే భయమనిపించింది.

"కావాలని చేశానా?" అన్నారు ఆవిడ నెమ్మదిగా. "ఆ పేజీని నేను కావాలని పాడుచేశానా? సరే. గొడవే వద్దు. రేపు ఎడిటరుకు చెప్పేస్తాను, వేరే మనిషిని చూసుకోమని. నుడికట్లు చాలు."

గోడ పట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయారు. ఫొటోగ్రాఫరు ఒక బూటుతో అలాగే కూర్చున్నాడు. "అలకలే, రేపటికి సర్దుకుంటుంది" అన్నాడు. ఆ మాట అతనికే నమ్మకంగా వినపడలేదు.

సర్దుకోలేదు. మర్నాడు పొద్దున కాఫీ దగ్గర యుద్ధం లేదు. "పంచదార సరిపోయిందా?" "సరిపోయింది." అంతే. ఇంట్లో రేడియో పాడైపోయినట్టుంది. ఆ నుడికట్టు పోతే అత్తగారికి ఏం మిగులుతుందో కోడలికి తెలుసు. కూర తరుగుతూ, బట్టలు మడతపెడుతూ, ఎవరితోనో మాట్లాడుతూ కూడా ఆవిడ మనసులో గళ్ళు నింపుకుంటూనే ఉంటారు. ఓటు వేసింది తను. తీగలు తుడవడానికి బద్ధకించి వేసింది.

అతను ఫొటోలు తీయడానికి బయటికి వెళ్ళే సమయం చూసి స్టూడియోకి వెళ్ళింది. వెనకగదిలోంచి పాత కంప్యూటర్ని బయటికి లాగి, ఆటోవాడి చేత మోయించుకుని ఇంటికి తెచ్చింది. పండుగారిని గోడవారకు జరిపి, తీగలన్నీ తనే కలిపింది. ఇన్నేళ్ళు తుడిచిన పుణ్యమా అని ఏ తీగ ఎక్కడ దూరుతుందో కోడలికి తెలుసు.

"అత్తయ్యా, ఒకసారి రండి. మీవాడు వచ్చాడు."

ఆ గురగుర వినగానే అత్తగారి మొహం విచ్చుకుంది. "ఎడిటరుకు ఇంకా ఫోన్ చెయ్యలేదులే" అన్నారు, అడగకుండానే. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. వేళ్ళు మీటల మీద పడ్డాయి, ఇక చూసుకోనక్కర్లేదు. మౌస్ ముట్టుకోలేదు. కిందికి, పక్కకి, టకటక. గళ్ళ పేజీ తెరుచుకుంది.

"మొదటి అడ్డం అయిదక్షరాలు. దాని మూడో అక్షరం కిందికి దిగుతుంది. ఇక్కడ నల్లగడి. ఆ పక్కన..." ఆవిడ పైకి చెప్పుకుంటూ కొడుతున్నారు, పాట పాడుతున్నట్టు.

కోడలు వెనక నిలబడి చూస్తోంది. తెర నడుమ ఒక డబ్బా వచ్చి నిలబడి ఉంది. ఇన్ని రోజులు మూలపడి ఉన్నందుకేమో, 'తేదీ తప్పుగా ఉంది, సరిచేయాలా?' అని అడుగుతోంది. దానికి జవాబు చెప్పేదాకా అది దేన్నీ లోపలికి రానివ్వదు. దాని వెనక గళ్ళన్నీ ఖాళీగా ఉన్నాయి.

చూసి ఆపుతారులే అనుకుంది కోడలు. అత్తగారు ఆపలేదు. రెండో అడ్డం అయింది. నిలువులు మొదలయ్యాయి. ఒక్క అక్షరం పడలేదు.

"చూశావటమ్మాయ్, ఎంత హాయిగా సాగుతోందో!" అన్నారు అత్తగారు, తెరకేసే చూస్తూ.

ఆ బాణం కనపడదు అన్న మాట, వెలుగు గుచ్చుతోందన్న మాట, కుర్చీ కోసం వెతుక్కున్న చెయ్యి, పట్టుకున్న గోడ... అన్నీ ఒక్కసారి వచ్చి కోడలి మీద పడ్డాయి. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ చేతుల మీద చెయ్యి వేసింది.

"అత్తయ్యా. గళ్ళల్లో ఏమీ లేదు."

వేళ్ళు ఆగాయి.

"ఏమీ పడలేదు. మధ్యలో పెద్ద డబ్బా ఉంది. అరచెయ్యంత. మీకు కనపడట్లేదు కదూ?"

అత్తగారు మీటల మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"మంచు" అన్నారు అత్తగారు చివరికి. "ఎటు చూసినా మంచు కమ్మినట్టుంటుంది. దీని మీద అయితే అక్షరం పెద్దది చేసుకుని, వెలుగు తగ్గించుకుని, మిగతాది వేళ్ళతో లాక్కొచ్చాను. ఏ మీట ఎక్కడుందో వేళ్ళకి తెలుసు. గళ్ళన్నీ ఎలాగూ బుర్రలోనే ఉంటాయి. వాడు మీటలు మార్చేసరికి..." ఆగిపోయారు.

"మరి మాతో చెప్పొచ్చుగా!"

"మా నాన్న వాచీలు బాగుచేసేవారమ్మా. చూపు తగ్గిందని తెలిసిన రోజే ఇంట్లోవాళ్ళు ఆయన పనిముట్లన్నీ మూటగట్టి అటక మీద పడేశారు. ఆయన మంచికేననుకో. కళ్ళు పోయింది తర్వాత. మనిషి ముందే అయిపోయాడు." కొంగుతో మొహం తుడుచుకుని, "మీరూ నా మంచే కోరతారని భయం" అన్నారు.

నవ్వాలో ఏడవాలో తెలియక కోడలు రెండూ చేసింది.

ఫొటోగ్రాఫరు ఇంటికి రాగానే చెప్పింది. కెమెరా సంచి అతని భుజానికి అలాగే ఉంది. తిన్నగా కళ్ళ డాక్టరుకు ఫోన్ చేశాడు.

డాక్టరమ్మ పొట్టిగా, చలాకీగా ఉంది. అత్తగారి కళ్ళల్లోకి లైటు వేసి చూసి, "శుక్లాలు. బాగా ముదరబెట్టారు" అంది. "ఎందుకండీ ఇన్నాళ్ళు ఆగారు?"

"చూపు ఉంటుందా?" అన్నారు అత్తగారు. ఒళ్ళో చేతులు గట్టిగా పెనవేసుకుని ఉన్నాయి.

"ఉండకేం? లోపల నరం బ్రహ్మాండంగా ఉంది. మసకబారిన అద్దం తీసేసి కొత్తది పెడతాం. ఇది చూపు పోయే జబ్బు కాదు, తీసేసే జబ్బు. మీరు ఏం చేస్తుంటారు?"

"గళ్ళ నుడికట్లు."

"మీరేనా ఆవిడ? ఈ వారం ఆ నిలువుతో నా బుర్ర తినేశారు కదండీ!"

గదిలో ముందు నవ్వింది అత్తగారే. కోడలు బయటికొచ్చి వరండాలో గోడకానుకుని నిలబడింది. మొగుడు వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆమె చేతిసంచి అందుకున్నాడు.

ఒక కంటికి ఆపరేషన్ అయింది, ఇంకొన్నాళ్ళకు రెండోదానికీ అయింది. ఈలోగా అత్తగారు చెబుతుంటే కోడలు గళ్ళు నింపి పత్రికకు పంపింది. ఎడిటరు కూడా నల్లగడి ఒక్కొక్కటీ లెక్కపెట్టుకున్నాకే అచ్చు వేశాడు.

డాక్టరమ్మ ఇక పని చేసుకోవచ్చన్న రోజు పొద్దున అత్తగారు నల్లకళ్ళద్దాలు తీసి హాల్లో బల్ల ముందు నిలబడ్డారు. బల్ల మీద రెండు కంప్యూటర్లూ పక్కపక్కనే ఉన్నాయి. ముందు పాతదాని ముందు కూర్చున్నారు. మీటలకేసి వంగి చూశారు.

"అమ్మాయ్, ఈ సందుల్లో ఇంత మురికా? రోజూ తుడుస్తానంటావు!"

"మీరు ముట్టుకోనిస్తేగా అత్తయ్యా! మీటలు కదిలిపోతాయని కేకలేసేది ఎవరు?"

"అదీ నిజమేలే" అని, కుర్చీ కొత్తదాని ముందుకు జరుపుకున్నారు. తెర వెలిగింది. కళ్ళు చికిలించలేదు. వేలితో తెర మీద ఏదో చూపిస్తూ, "ఇదేనా ఆ బాణం? ఇంత నల్లగా, నిగనిగలాడుతూ ఇక్కడే ఉందన్నమాట!" అన్నారు. గళ్ళ పేజీ తెరిచి, ఒక అక్షరం కొట్టి, అది పడిన గడిని చాలాసేపు చూశారు. ఇంకొకటి కొట్టి మళ్ళీ చూశారు.

"బాగుందిరా" అన్నారు. "ఇదే ఉంచుతాను. ఆ మీటలేవో ఒకసారి నేర్పించు. పాతవాడికి ఇక విశ్రాంతి ఇద్దాం."

ఫొటోగ్రాఫరు పెళ్ళికి ముందు నుంచీ ఎదురుచూస్తున్న గెలుపు అది. కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి, ఇక ఈ పూట ఉపన్యాసం తప్పదనుకుంది. అతను అమ్మ వేళ్ళకేసే చూస్తూ కూర్చున్నాడు.

"ఏరా, గెలిచావుగా! గుమ్మడికాయలా కూర్చున్నావేం?" అన్నారు అత్తగారు వెనక్కి తిరిగి.

అతను స్టూలు లాక్కుని అమ్మ పక్కన కూర్చున్నాడు. ఆవిడ వేలు తీసి సరైన మీట మీద పెట్టాడు గానీ, చెయ్యి వదల్లేదు.

"తప్పు చేశానమ్మా" అన్నాడు. "కనపడట్లేదని నువ్వు రోజూ చెబుతూనే ఉన్నావు. నేను కంప్యూటర్ గురించి అనుకున్నాను."