పక్క నక్షత్రం వెలుగు

“జంట నక్షత్రం కదా, కొట్టెయ్యండి,” అన్నాడు స్క్రూడ్రైవర్, టీ కప్పులోంచి తలెత్తకుండానే.

టెలిస్కోపు పరికరాలు చూసుకునే ఆ ఇంజినీరుకి, జేబులో ఎప్పుడూ ఉండే వస్తువే పేరైపోయింది. టెలిస్కోపుతో చూడాల్సిన నక్షత్రాల జాబితా ముందుకి లాక్కుని పెద్దసారు పెన్ను తీశారు.

“కొట్టెయ్యనివ్వను.”

తలలన్నీ మూల కుర్చీ వైపు తిరిగాయి. మీటింగుల్లో ఆ అమ్మాయి గొంతు అంతవరకూ ఎవరూ విన్నది లేదు.

ఏడాదిగా ఆమె కనిపెట్టుకుని ఉన్న నక్షత్రం అది. ఒక లయలో ముందుకీ వెనక్కీ ఊగుతోంది. పెద్ద గ్రహమేదో చుట్టూ తిరుగుతూ దాన్ని లాగుతోందని ఆమె నమ్మకం. పక్కనున్న రెండో నక్షత్రం వెలుగు కలిసిపోయి అలా కనిపిస్తోందంతేనని స్క్రూడ్రైవర్ వాదన. పెద్దసారు వచ్చే మీటింగు దాకా గడువిచ్చారు. అప్పటికీ తేలకపోతే ఆ నక్షత్రానికి ఇక టెలిస్కోపు దొరకదు.

మర్నాడు జోరువానలో ఆమె గొడుగు మడుస్తూ అతని వర్క్‌షాపు గుమ్మంలో నిలబడింది. పరికరంలోకి వెలుగొచ్చే సన్నని చీలికని తిప్పి, పక్క నక్షత్రం వెలుగుని కావాలనే ఎక్కువ రానివ్వమంది.

“అందరూ వద్దని మొత్తుకునే వెలుగు మీకు కావాలా?”

“దొంగ అదే అయితే, అది పెరిగినప్పుడు ఊపూ మారాలి. మారకపోతే ఆ మాట మీటింగులో మీ నోటితోనే చెప్పాలి.”

అతను నవ్వాడు. ఒప్పుకున్నాడు కూడా.

వాన తెరిపిచ్చాక చీలికని ఒకసారి అటూ ఒకసారి ఇటూ తిప్పి వారాల తరబడి చూశారు. ఎటు తిప్పినా అదే ఊపు.

మీటింగులో అతనే లేచాడు. పొరపాటు తనదేనని, గ్రహం ఉందని చెప్పాడు. పెద్దసారు పెన్ను జేబులో పెట్టేసుకున్నారు.

ఇద్దరూ వరండాలోకి వచ్చేసరికి బయట మళ్ళీ చినుకులు.

“నిజం చెప్పనా?” అన్నాడతను. “ఏడాదిగా మీరు దాన్ని తప్ప ఎవర్నీ చూడట్లేదు. కొట్టెయ్యమనడంలో ఆ కడుపుమంట కూడా కొంత ఉంది.”

ఆమెకి ఒళ్ళు మండింది. విసురుగా గొడుగు విప్పి వానలోకి నాలుగడుగులు వేసింది. ఆగి, వెనక్కి తిరిగింది.

“గ్రహాన్ని మాత్రం నేను కళ్ళతో చూశానా? నక్షత్రం ఊగితే ఉందని తెలుసుకున్నాను. వదులు కాని నా గది తలుపుకి వారం వారం స్క్రూలు బిగించే మనిషి సంగతి తెలియదనుకున్నావా?”

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమె అన్నయ్య చెల్లెలికి సంబంధాలు చూస్తున్నాడనీ, ఆయనకి పెద్ద పెద్ద ఆశలున్నాయనీ అతను విని ఉన్నాడు.

“చేతికి గ్రీజు ఉన్నవాడి పేరు ఆ సంబంధాల జాబితాలో కనిపిస్తే మీ అన్నయ్య కొట్టేస్తాడేమో,” అని గొణిగాడు.

ఆమె గొడుగుని అతని వైపు వంచింది.

“కొట్టెయ్యనివ్వను.”