రెండో అంకె

గోడ గడియారం ఎనిమిది దాటి అయిదు నిమిషాలు చూపించేసరికి కోడలి కాళ్ళు వాటంతటవే గుమ్మం దాకా వెళ్ళిపోయాయి. ఒక కాలు చెప్పులో పెట్టాక గానీ గుర్తు రాలేదు, వెళ్ళడానికి ఉద్యోగం లేదని. ఏడు నెలలైంది. కాళ్ళకి ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

వంటింట్లోంచి అత్తగారు అదంతా చూస్తూనే ఉంది. ఆవిడ చెయ్యి కూడా అలవాటు కొద్దీ గోడకున్న క్యాలెండరు వైపు లేచింది. దానికి దారంతో కట్టిన పెన్సిలు ముక్క ఒకటి వేలాడుతుంటుంది. చెయ్యి సగంలో ఆగి, పక్కనున్న మసిగుడ్డ అందుకుంది.

"టీ చల్లారిపోతోంది," అంది అత్తగారు, గోడకి చెబుతున్నట్టు.

"తాగుతాను," అంది కోడలు, అదే గోడకి.

ఆ ఇంట్లో మాటలంటే అంతే. దెబ్బలాటలు లేవు, అదే పెద్ద దెబ్బలాట. కొడుకుది తాళాల కొట్టు. ఊళ్ళో ఎవరి తాళం బిగుసుకుపోయినా క్షణంలో తీస్తాడు గానీ, ఇంట్లో ఈ ఇద్దరి నోళ్ళు తెరిపించడం మాత్రం పదకొండేళ్ళుగా అతని వల్ల కాలేదు. కోడలి కూతురు హాస్టల్లో చదువుకుంటోంది. ఆ పిల్ల సెలవులకి వచ్చినప్పుడే ఇంట్లో నాలుగు మాటలు వినబడేది.

అత్తగారు ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఎవరి కాల్ ఎన్ని గంటలకి మొదలైంది, ఎన్ని గంటలకి ఆగింది, ముప్పై ఏళ్ళు నిమిషాలతో సహా రాసిన చెయ్యి ఆవిడది. రిటైరయ్యాక రాయడానికి కాల్స్ లేవు. కోడలు మందుల కంపెనీలో చేరిన రోజు నుంచి క్యాలెండరు గడిలో రెండంకెలు రాయడం మొదలుపెట్టింది. పైన కోడలు వెళ్ళిన వేళ, కింద వచ్చిన వేళ. కోడలు మొదటివారమే చూసింది. ఎందుకని అడగలేదు. అనుమానం మనిషి అనుకుని, ఆ గోడ వైపు చూడటమే మానేసింది.

కంపెనీలో కోడలిని అందరూ భూతద్దం అనేవాళ్ళు. మాత్రల అట్టలు వందల కొద్దీ బెల్టు మీద పరుగెడుతుంటే, మాత్ర పడని ఖాళీ గడి ఏ మూలనున్నా ఆమె కన్ను పట్టేసేది. కొత్తగా వచ్చినవాళ్ళకి పని నేర్పేదీ ఆమే. అలా ఆమె దగ్గర నేర్చుకున్న ముగ్గురు మగవాళ్ళు, ఒకరి తరవాత ఒకరు, ఆమె నెత్తిమీద ఇన్‌ఛార్జిలయ్యారు. మూడోసారి, నన్నెందుకు చెయ్యరని అడిగేసింది. మేనేజరు నవ్వి, "నీకు ఇల్లుంది, పిల్లుంది. ఇన్‌ఛార్జి తలనొప్పి నీకెందుకమ్మా, మగాళ్ళు పడతార్లే," అన్నాడు.

ఆమె ఆ మాటే ఉన్నదున్నట్టు రాసి పెద్దాఫీసుకి పంపింది. పదిహేను రోజులు తిరక్కుండా ఆమెని సెల్లారులోకి మార్చారు, అట్టపెట్టెలు లెక్కపెట్టడానికి. అక్కడ కిటికీ లేదు, వేలిముద్ర మెషీను లేదు. హాజరు పుస్తకంలో ఈమె సంతకం పెడితే, వేళ మేనేజరు మనిషి తరవాత వేసుకునేవాడు. భోజనాల గదిలో ఆమె కూర్చుంటే పక్క కుర్చీలు ఖాళీ అయిపోయేవి. అయిదు నెలలు ఆమె తన టిఫిన్ బాక్సుతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదంటే అతిశయోక్తి కాదు. ఆ తరవాత ఒక ఉత్తరం చేతికిచ్చారు. ఆలస్యంగా వస్తోంది, ముందే వెళ్ళిపోతోంది, కాబట్టి తీసేస్తున్నాం అని.

పదకొండేళ్ళలో పనిదొంగ అనిపించుకోని మనిషి. ఉద్యోగం పోయినందుకు ఒక పూట ఏడ్చింది. ఆ మాట పడ్డందుకు మాత్రం లేబర్ కోర్టుకి వెళ్ళింది.

"ఎందుకొచ్చిన గొడవ?" అంది అత్తగారు అప్పట్లో. "మా రోజుల్లో మాకూ అన్నారు, వెయ్యి అన్నారు. నోరు మూసుకుని పని చేసుకున్నాం. కోర్టుకెక్కితే రేపు నలుగురూ ఏమనుకుంటారు?"

ఆ తరవాత మాటలు మరీ తగ్గాయి.

చెప్పులో కాలు పెట్టి ఆగిన ఆరోజే మధ్యాహ్నం, లాయరమ్మ రమ్మంటే కోడలు వెళ్ళింది. లాయరమ్మ కుర్రది, మాట సూటి. కంపెనీ వాళ్ళు వేసిన కాగితాలు ముందుకు తోసింది. ఇరవై మూడు తేదీలు. ప్రతి తేదీకీ ఎదురుగా వచ్చిన వేళ, పోయిన వేళ. మార్చి పదకొండు, తొమ్మిది ముప్పై అయిదుకి రాక, నాలుగుంపావుకి పోక.

"ఇవన్నీ అబద్ధం మేడమ్. ఎనిమిదిన్నరకల్లా లోపలుండేదాన్ని. సాయంత్రం ఆరింటికి గానీ బయటపడేదాన్ని కాదు."

"నేను నమ్ముతానమ్మా. జడ్జిగారికి చూపించడానికేముంది? మీరు ఫిర్యాదు చేసినందుకే ఈ లెక్కలు పుట్టించారని మనమంటున్నాం. ఈ లెక్కలు తప్పని తేలకపోతే మిగతాదంతా గాలికి పోతుంది. చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

ఉంది, ఒకతె. పదేళ్ళు ఒకే బల్ల మీద భోంచేసిన స్నేహితురాలు, పొద్దున్న అదే బస్సెక్కే మనిషి. అక్కడి నుంచి తిన్నగా ఆమె ఇంటికే వెళ్ళింది. స్నేహితురాలు తలుపు పూర్తిగా తియ్యలేదు.

"నాకు తెలుసే, నువ్వు ఒక్కరోజు కూడా లేటు కాదు," అంది తలుపు సందులోంచి. "కానీ నన్నడక్కు. ఇంకా నా ఉద్యోగం అక్కడే ఉంది. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"వద్దులే," అంది ఈమె. కోపం కూడా రాలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, ఇంత పెద్ద ఊళ్ళో తను ఎన్నింటికి పనికెళ్ళిందో చెప్పే మనిషి ఒక్కరూ లేరనిపించింది.

ఇంట్లో అడుగుపెట్టేసరికి అత్తగారు క్యాలెండరు దగ్గర నిలబడి పెన్సిలుతో రాస్తోంది. ఆరూ పది.

ఆమెలో ఎక్కడో కట్ట తెగింది. చేతిసంచీ నేలకేసి కొట్టింది.

"అక్కడా నా మీద రిజిస్టరే, ఇక్కడా నా మీద రిజిస్టరేనా? అక్కడ వాడు రాశాడు, ఇక్కడ మీరు రాస్తున్నారు. ఏం చేశానని నేను? ఎక్కడ తిరిగొస్తున్నానని మీ అనుమానం?"

అత్తగారి చేతిలో పెన్సిలు అలాగే ఉండిపోయింది. అప్పుడే కొట్టు కట్టేసి వచ్చిన కొడుకు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎన్నేళ్ళ నుంచి రాస్తున్నారు ఇలా?"

"నువ్వు చేరిన రోజు నుంచి," అంది అత్తగారు నెమ్మదిగా.

"రాసినవన్నీ ఏం చేశారు? ఎవరికి చూపిద్దామని?"

"ఎవరికి చూపిస్తాను? చుట్టి బీరువా మీద పెట్టాను."

కోడలు ఇంకేదో అనబోయింది. అంతలో చూపు కిందకి పడింది. నేల మీద పడ్డ సంచీలోంచి ఆ ఇరవై మూడు తేదీల కాగితం సగం బయటికొచ్చి ఉంది. దాన్ని తీసింది.

"పోయినేడు మార్చి పదకొండున ఏం రాశారు అత్తయ్యా?"

కొడుకు స్టూలెక్కి కట్ట దించాడు. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని నేల మీద చతికిలబడి, పోయినేటి క్యాలెండరు విప్పింది. చుట్ట మళ్ళీ మళ్ళీ చుట్టుకుపోతుంటే కోడలు రెండో కొస పట్టుకుని కూర్చుంది.

"మార్చి పదకొండు. వెళ్ళింది ఎనిమిదీ అయిదు. వచ్చింది ఆరూ నలభై," అని చదివింది అత్తగారు. ఎక్స్ఛేంజిలో చదివే గొంతు అది, ఒక్క అక్షరం జారదు.

"వీళ్ళు నాలుగుంపావుకే వెళ్ళిపోయానంటున్నారు."

"నాలుగుంపావుకి వెళ్తే ఆరూ నలభై దాకా బస్సులో కాపురం చేశావా? తరవాతది చదువు."

ఒకదాని తరవాత ఒకటి చదువుకుంటూ పోయారు. కోడలు తేదీ చెప్పడం, అత్తగారు వేళ చెప్పడం. పదకొండేళ్ళలో ఆ ఇద్దరూ అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడుకోలేదు. జూన్ రెండు దగ్గర అత్తగారు ఆగింది.

"ఇది మాత్రం నిజం. నువ్వు వెళ్ళింది తొమ్మిదీ పది."

"ఆరోజు మీకు జ్వరం. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి వెళ్ళాను."

"అమ్మా, ఆ ఒక్కటీ చెరిపేస్తే పోలా?" అన్నాడు కొడుకు.

అత్తగారు కళ్ళజోడు మీదుగా చూసింది. "నేను రాసిన వేళ నేను మార్చను. ఒకటి చెరిపితే మిగతా ఇరవై రెండూ ఎవరు నమ్ముతారురా?"

మర్నాడు లాయరమ్మ ఆ క్యాలెండరు చుట్టలు చూసి కుర్చీలోంచి లేచి నిలబడింది. అయితే రాసినావిడ వచ్చి చెప్పాలంది. ఆ మాట వినగానే అత్తగారు మూతి బిగించింది. ఈ వయసులో కోర్టు మెట్లెక్కడమా అంది. రెండురోజులు ఎవరితోనూ పలకలేదు. మూడోరోజు టీ తాగుతూ ఉన్నట్టుండి అంది.

"ముప్పై ఏళ్ళలో నా వేళ తప్పన్నవాడు లేడు. రోజూ రేడియో విని సరిచేసుకునే గడియారం అది. ఇవాళ వాడెవడో నా గడియారం కన్నా వాడి పుస్తకం నిజమంటాడా? పద, చెబుతాను."

కోడలి కోసం కాదట, గడియారం కోసమట. సరేలే అనుకుంది కోడలు. ఏ కారణమైతేనేం.

విచారణ రోజున కంపెనీ లాయరు క్యాలెండర్లని రెండు వేళ్ళతో తిరగేశాడు.

"కోడలిని గెలిపించడానికి నిన్న కూర్చుని రాసినవి కావని నమ్మకమేమిటమ్మా?"

"గెలిపించడానికి రాస్తే జూన్ రెండున తొమ్మిదీ పది అని రాస్తానా బాబూ? అసలు ఈ కేసే వద్దన్నదాన్ని నేను."

వెనక ఎవరో నవ్వారు. లాయరు నవ్వలేదు.

"అంటే మీకూ ఆవిడకీ పడదు. ఆవిడ మీద నిఘా పెట్టి రాసుకున్నారు. మీ కోడలిని మీరే నమ్మలేదు, కోర్టు ఎందుకు నమ్మాలి?"

కోడలు తల దించుకుంది. పదకొండేళ్ళుగా తను అనుకున్న మాటే అది. నలుగురిలో వినాల్సి వచ్చింది.

అత్తగారు బోను కమ్మీ మీదికి కాస్త వంగింది.

"నిఘా కాదు," అంది. "ఎక్స్ఛేంజిలో రోజంతా చెవిలో మనుషుల గొంతులు. ఇంటికొచ్చి కూర్చున్నాక ఒక్క గొంతు లేదు. మావారు పోయారు. అబ్బాయి కొట్టుకి పోతాడు, ఈ పిల్ల పనికి పోతుంది. తలుపు వేసుకున్నాక గడియారం చప్పుడు తప్ప ఇంకేం వినబడదు. అందుకని తను వెళ్ళగానే వేళ రాసేదాన్ని. ఒకటి రాస్తే కింద రెండోది రాయాలి కదా. ఆ ఖాళీ చూసుకుంటే, ఈ మనిషి మళ్ళీ వస్తుందిలే అని ధైర్యం. సాయంత్రం ఆ రెండో అంకె వేస్తే గానీ ఆరోజు నాకు గడిచినట్టుండేది కాదు."

లాయరు క్యాలెండర్లు చుట్టి బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

కోడలు ఏడ్చింది. కళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు. సెల్లారులో తన పక్క కుర్చీలు ఖాళీ అయిన రోజుల్లో, మనిషిని పలకరించకపోవడం కన్నా పాపం ఇంకోటి ఉండదనుకుంది. అదే రోజుల్లో సాయంత్రం ఇంటికొచ్చి, కిటికీ దగ్గర నిలబడ్డ ఈవిడ పక్కనుంచి ఒక్క మాట లేకుండా వంటింట్లోకి నడిచిపోయింది. ఒక్కరోజు కాదు, పదకొండేళ్ళు. అక్కడ తనకి వాళ్ళు చేసింది, ఇక్కడ ఈవిడకి తను చేసింది. కేసు పెట్టడానికి ఈవిడకి కోర్టు లేకపోయింది, అంతే తేడా.

మెట్లు దిగేటప్పుడు అత్తగారి చెయ్యి పట్టుకుంది. "నెమ్మది అత్తయ్యా," అంది. అత్తగారు ఆ చెయ్యి ఇంటిదాకా వదల్లేదు.

తీర్పు రెండు నెలలకి వచ్చింది. ఆరోజు కోడలు ఒక్కతే వెళ్ళింది. బయల్దేరేటప్పుడు చెప్పులేసుకుని వెనక్కి తిరిగి, "అత్తయ్యా, వెళ్తున్నాను. అయిదున్నరకల్లా వచ్చేస్తాను," అంది. మామూలు మాటే. చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది.

తిరిగొచ్చేసరికి అత్తగారు కిటికీ దగ్గరే ఉంది.

"ఇరవై నిమిషాలు లేటు."

"రాసుకోండి."

"ఎక్కడ రాయను? క్యాలెండర్లన్నీ కోర్టులోనే పెట్టించావుగా. ఈ ఏటిది కూడా పట్టుకుపోయారు." నిజమే, గోడకి మేకు ఒక్కటే మిగిలింది. దానికి పెన్సిలు వేలాడుతోంది.

కోడలు వంటింట్లోకి పోలేదు. వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది.

"ఇరవై రెండు రోజులూ అబద్ధమని జడ్జిగారు రాశారు అత్తయ్యా. ఫిర్యాదు చేసినందుకే కక్ష కట్టి చేశారన్నారు. ఒక్క జూన్ రెండే నిజమట."

"నాకు తెలియదా," అంది అత్తగారు. "మరి ఉద్యోగమో?"

"మళ్ళీ నా బల్ల దగ్గరికే తీసుకోమన్నారు. సోమవారం నుంచి."

"ఎనిమిదీ అయిదుకి వెళ్ళాలన్నమాట." అత్తగారు నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగి, కళ్ళు గడియారం వైపు వెళ్ళాయి. గెలిపించింది తనే. గెలిస్తే ఇల్లు మళ్ళీ ఖాళీ అవుతుందని ఆవిడకి ముందే తెలుసు, తెలిసే వచ్చి చెప్పింది. ఆ సంగతి కోడలికి అప్పుడు అర్థమైంది.

కోడలు ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"అక్కడ నా పక్కన కూర్చుని తినేవాళ్ళు ఇప్పుడప్పుడే ఎవరూ ఉండరు అత్తయ్యా. వాళ్ళకి భయం పోవడానికి చాలా రోజులు పడుతుంది. ఒంటిగంటకి బాక్సు తెరిచి మీకు ఫోను చేస్తాను. మీరూ అప్పుడే కంచం పెట్టుకోండి. ఇద్దరం తిందాం."

అత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"అయితే కొత్త క్యాలెండరు కొనాలి. పెద్ద గడులది చూడు," అంది. "ఇక నుంచి రోజుకి మూడు అంకెలు రాయాలి."