దొరసాని ఒప్పుకోవాలి

లిఫ్ట్ రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఒక అమ్మాయి, ఆమె చేతిలో బుట్ట, బుట్టలో కోపంతో బుసలు కొడుతున్న పిల్లి.

"ఎంతసేపు పడుతుందండీ?" అని తలుపు సందులోంచి అరిచింది అమ్మాయి.

"తెలీదండీ," అంది బయటి నుంచి ఒక గొంతు.

"తెలీదా! మీరసలు మెకానిక్కేనా?"

"మెకానిక్‌నే. అందుకే తెలీదంటున్నా. తెలిశాక చెప్తాను."

"రెండు నిమిషాలని అబద్ధమైనా చెప్పొచ్చుగా, కాస్త ధైర్యంగా ఉంటుంది!"

"మూడో నిమిషంలో ఆ ధైర్యాన్ని ఏం చేసుకుంటారు?"

అమ్మాయికి ఒళ్లు మండింది. బుట్టలోంచి పొడుగ్గా ఒక "మ్యా...వ్" వచ్చింది.

"లోపల ఇంకెవరండీ?"

"దొరసాని."

"నా నమస్కారాలు చెప్పండి."

నవ్వకూడదనుకుంటూనే నవ్వేసింది. తలుపులు తెరుచుకోగానే అతను ముందు బుట్టకే చెయ్యందించాడు. దొరసాని ఆ చేతిని అడ్డంగా గీరింది. ప్రేమ అలా మొదలైంది. ఇద్దరి మధ్య అనుకునేరు, ముగ్గురి మధ్య!

అమ్మాయి కళ్లద్దాల షాపులో చూపు పరీక్ష చేస్తుంది. గీరిన గాటు మానకముందే అబ్బాయి అక్కడ ప్రత్యక్షమై, పరీక్ష యంత్రానికి బుద్ధిగా గడ్డం ఆనించి కూర్చున్నాడు. అట్టమీది అక్షరాలన్నీ చిట్టచివరి వరసదాకా గడగడా చదివేశాడు.

"మీ కళ్లకేం లోపం లేదు. ఎందుకొచ్చినట్టు?"

"ఇక్కడైతే మీరు నా కళ్లలోకే చూడాలి కదండీ."

తర్వాత వచ్చిన మనిషికి ఆమె అక్షరాల అట్టని తలకిందులుగా తగిలించింది.

వానలు మొదలయ్యేసరికి 'అండీ'లు పోయి 'నువ్వు'లు వచ్చాయి. ఒకే గొడుగు కింద చెరో భుజం తడుపుకుంటూ నడుస్తున్నప్పుడు అతను అడిగేశాడు, పెళ్లి చేసుకుందామా అని.

"నాకు సరే. అమ్మమ్మకి ఎప్పుడో సరే. ఇంక దొరసాని ఒప్పుకోవాలి," అంది అమ్మాయి.

దొరసాని ఒప్పుకునే రకం కాదు. అతను గుమ్మంలో అడుగుపెడితే బీరువా కిందికి దూరేది. అతను నేలమీదే చతికిలబడి, ఆ రోజు ఏ లిఫ్ట్ ఎంత ఏడిపించిందో బీరువాకి వినిపించేవాడు. బీరువా కింద తోక మాత్రం చిరాగ్గా ఊగేది.

ఒకరోజు పొద్దున దొరసాని గిన్నె ముట్టలేదు. చెవులు వేడిగా ఉన్నాయి. "సాయంత్రం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దాం," అని అతనికి ఫోన్ చేసి చెప్పి, అమ్మాయి షాపుకి వెళ్లింది.

మధ్యాహ్నం అతను చూడ్డానికి వచ్చాడు. అమ్మమ్మ తలుపు తీసి మళ్లీ నడుం వాల్చింది. ఆ రోజు దొరసాని పారిపోలేదు. తూలుతూ వచ్చి అతని బూటు మీద తల ఆనించింది. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన ఆ ఒక్క క్షణం అతని మతి పోగొట్టింది.

అతని పనిముట్ల సంచిలో జ్వరం బిళ్లలు ఎప్పుడూ ఉంటాయి. మనిషి బరువెంత, పిల్లి బరువెంత అని లెక్కేశాడు. బరువుని బట్టి మోటారు, బరువుని బట్టి లిఫ్ట్‌ని లాగే తీగ. అతని వృత్తిలో అన్నిటికీ అదే సూత్రం. గోటితో చిన్న ముక్క విరిచి, నూరి, నీళ్లలో కలిపి చెంచాతో పట్టాడు. లెక్క రెండుసార్లు సరిచూసుకున్నాడు కూడా. లెక్క తప్పలేదు.

సాయంత్రానికి దొరసాని మొహం వాచింది. నోట్లోంచి చొంగ, ఎగశ్వాస. ఇద్దరూ బుట్ట పట్టుకుని పరుగెత్తారు. పశువుల డాక్టరమ్మ పిల్లి పెదవి ఎత్తి చూసింది. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు మట్టిరంగులోకి తిరిగాయి.

"ఏమైనా మందు వేశారా?"

"లేదండీ. నీళ్లు తప్ప ఏమీ పట్టలేదు," అంది అమ్మాయి నమ్మకంగా.

అతను ఆమె వైపు చూశాడు. చెబితే గొడుగూ పోతుంది, ఆ కళ్లూ పోతాయి. చెప్పకపోతే?

"నేను వేశానండీ," అన్నాడు. "మధ్యాహ్నం. జ్వరం బిళ్ల." సంచిలోంచి బిళ్లల అట్ట తీసి బల్లమీద పెట్టి, గోటిమీద ఎంత ముక్కో చూపించాడు. "దాని బరువుకి లెక్కేసే వేశాను."

"ఇది బరువు లెక్క కాదు బాబూ," అంది డాక్టరమ్మ, అప్పటికే ఇంజక్షన్ సిద్ధం చేస్తూ. "మన కాలేయం ఆ మందుని విరిచి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయానికి ఆ పని చేతకాదు. మందే విషమై రక్తాన్ని చెడగొడుతుంది, ఊపిరి అందదు. పిల్లికి చిన్న ముక్కయినా ప్రాణం మీదికి తెస్తుంది. ఏం వేశారో చెప్పారు కాబట్టి విరుగుడు మొదలుపెడుతున్నాను. దాచి ఉంటే నేను జబ్బు వెతుక్కుంటూ కూర్చునేదాన్ని."

"తీగ సన్నం అనుకున్నాను," అన్నాడతను నెమ్మదిగా. "అసలు తీగే లేదన్నమాట."

దొరసానిని ఆక్సిజన్ పెట్టెలో ఉంచారు. బయట బెంచీమీద ఇద్దరూ చెరో చివర కూర్చున్నారు. వాన కురుస్తూనే ఉంది.

"చేతిలో ఫోనుందిగా! నన్నో, డాక్టర్నో ఒక్క మాట అడగొచ్చుగా?"

"అడగాల్సింది."

"మరెందుకు అడగలేదు?"

"అది మొదటిసారి నా దగ్గరికొచ్చింది. ఏమీ చేయకుండా కూర్చోలేకపోయాను."

ఆమె కళ్లు తుడుచుకుంది. అతను అడిగాడు. "నాతో మళ్లీ మామూలుగా ఎప్పుడుంటావు?"

"తెలీదు. తెలిశాక చెప్తాను."

అతను తలూపాడు. బతిమాలలేదు.

రోజూ డ్యూటీకి ముందు ఆస్పత్రికి వచ్చి, ఆ పెట్టె పక్కన నేలమీద కూర్చుని వెళ్లేవాడు. అమ్మాయి గుమ్మంలోంచి చూసేది. షాపులో ఆమె ముందు కుర్చీలో కూర్చునేవాళ్లలో చాలామంది కనపడని అక్షరాన్ని కూడా కనపడినట్టే చదివేస్తారు, తెలీదనడానికి చిన్నతనమై. ఇతన్ని ఆ రోజు ఎవరూ అనుమానించలేదు. తనే ఏమీ వేయలేదని సాక్ష్యం కూడా చెప్పింది. అతను ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు.

చిగుళ్లు గులాబీ రంగుకి తిరిగాక దొరసాని ఇంటికొచ్చింది. బుట్ట మోసుకొచ్చిన అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏం లిఫ్టబ్బాయ్, అటూ ఇటూ కాకుండా మధ్యలో ఆగిపోయావేం?" అంది అమ్మమ్మ.

"లోపలికి రావచ్చో లేదో తెలీదండీ."

బుట్టలోంచి దిగిన దొరసాని అతని బూట్లు వాసన చూసింది. అతను చెయ్యి చాపితే మొదటిసారిలాగే అడ్డంగా ఒక గీరు గీరింది.

"అబ్బ! బలం వచ్చేసింది," అన్నాడతను. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో చెప్పడం కష్టం.

దొరసాని మాత్రం దర్జాగా నడిచి, అతని పనిముట్ల సంచిలోకి దూరి, స్పానర్లని పక్కకి నెట్టి ముడుచుకు పడుకుంది.

అమ్మాయి ఉలిక్కిపడింది. "ఆ సంచిలో బిళ్లలు..."

"లేవు. ఆ రోజే తీసేశాను."

ఆమె దూది తెచ్చింది. అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుని గాటు తుడుస్తూ, షాపులో లాగే తిన్నగా అతని కళ్లలోకి చూసింది.

"తెలిసింది," అంది.