ఐసు ఫ్యాక్టరీలో వెనిస్ ప్రభువు

గుండుగొలను దాటి కొల్లేటి వైపు మళ్ళితే, చేపల చెరువుల మధ్య ఒక పాత ఐసు ఫ్యాక్టరీ ఉంది. మూతపడి చాలా ఏళ్ళయింది. పొద్దువాలాక అటు వెళ్ళినవాణ్ణి లోపలినుంచి ఎవరో పేరుపెట్టి పిలుస్తారంటారు. పలికాడా... ఇక జన్మలో వదలని జలుబట! ఈ మాటకి నవ్వినవాళ్ళు కూడా తుమ్మారట.

యోబుకి ఇలాంటివాటి మీద నమ్మకం లేదు — పగటిపూట.

ఆ రోజు కూతురు స్టెల్లా తాడేపల్లిగూడెం హాస్టల్ నుంచి రావాలి. పిల్లని అక్కడ చేర్చినప్పటినుంచీ యోబుకి ముద్ద దిగదు. తిన్నావా, దుప్పటి కప్పుకున్నావా, కిటికీ గడియ పెట్టావా అని రోజూ ఫోన్లో ఆరా. అలాంటిది — బస్సు వచ్చి వెళ్ళిపోయింది. పిల్ల ఇల్లు చేరలేదు. ఫోన్ స్విచాఫ్.

"ఏవండీ, దారిలో చూసి రండి," అంది భార్య హెప్సిబా, ఏడుపు గొంతుతో.

ఉన్నది ఒకటే దారి. ఐసు ఫ్యాక్టరీ మీదుగానే.

యోబు టార్చి పట్టుకుని, గట్టిగా కీర్తన పాడుకుంటూ బయల్దేరాడు. ఫ్యాక్టరీ దగ్గరికొచ్చేసరికి కీర్తన దానంతటదే ఆగిపోయింది...

లోపల వెలుతురు.

గుమ్మం పక్కన — స్టెల్లా చెప్పులు!

తలుపు సందులోంచి చూశాడు. గోడ మీద ఇంత ఎత్తున నీడ... దాని నెత్తిన ఒంటికొమ్ము!

"ముందటి ప్రభువు ఏడీ?" గుసగుసగా అడిగింది నీడ.

"కళ్ళు పీకేశాం," అంది ఇంకో గొంతు.

"అంతకు ముందాయన?"

"ఆయనవీ పీకేశాం..."

యోబు చెయ్యి తన కళ్ళమీదికి పోయింది.

"ఉంగరం! ఈ నీళ్ళకి ఉంగరం కావాలి!"

అంతే. వేలికి పట్టేసిన పెళ్ళి ఉంగరాన్ని లాగి, తలుపు తోసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, ఐసు దిమ్మలు కట్టించే, నీళ్ళు నిలిచిన పాత తొట్టిలోకి విసిరేశాడు. బుడుంగ్!

"తీసుకో తల్లీ... తండ్రీ... ఎవరైతే వాళ్ళు! మా పిల్లని వదిలెయ్యండి! నా కళ్ళు కూడా తీసుకోండి... ఒకటి సరిపోదా?"

"నాన్నా!"

కళ్ళు తెరిచాడు. హాస్టల్ దుప్పటి భుజాన వేసుకుని, నెత్తిన అట్టతో చేసిన కొమ్ముటోపీతో స్టెల్లా! పక్కన కొవ్వొత్తి పట్టుకుని స్నేహితురాలు శ్రీదుర్గ.

"రేపు ఏలూరులో నాటకం పోటీ నాన్నా. ఇటలీలో నీళ్ళమధ్య వెనిస్ అని ఊరుంది. దాన్నేలినవాళ్ళని డోజ్‌లు అంటారు, వాళ్ళ టోపీ ఇదే. మొదట్లో తూర్పున కాన్‌స్టాంటినోపుల్‌లో ఉండే చక్రవర్తి చేతికింద ఉండేవారు. గద్దె దింపితే కళ్ళు తియ్యడం కూడా ఆ తూర్పు పద్ధతే. తర్వాతి డోజ్‌లు ఏటా ఉంగరం విసిరి సముద్రాన్ని పెళ్ళాడేవారు. ఇక్కడ గొంతు కోటలోలా మోగుతోందని ఆగాం. చీకటి పడ్డం చూసుకోలేదు... ఫోన్లో చార్జింగూ అయిపోయింది."

"ఎంత బాగా విసిరారండీ బాబాయ్‌గారూ!" అంది శ్రీదుర్గ. "రేపు డోజ్ వేషం మీరే వేసెయ్యకూడదూ?"

యోబు లుంగీ ఎగ్గట్టి, మోకాలిలోతు నల్లటి నీళ్ళలోకి దిగాడు. అడుగున చేత్తో తడుముతుంటే జేబులో ఫోన్ మోగింది.

"ఏవండీ, పిల్ల దొరికిందా?"

"దొరికిందే! క్షేమంగా ఉంది."

"దేవుడికి స్తోత్రం! మరి... ఆ నీళ్ళ చప్పుడేంటండీ?"

"ఏం లేదు... ఐసు ఫ్యాక్టరీ తొట్టిలో వెతుకుతున్నా."



"పిల్ల దొరికిందన్నారుగా... ఇంకా దేనికోసమండీ వెతుకుతున్నారు?"

దెయ్యం ఉంగరం అడిగినప్పుడు కూడా యోబు ఇంతలా భయపడలేదు.