మైనస్ అరవై అయిదు

కెమిస్ట్‌ను పట్టపగలు, ల్యాబ్‌లోనే కాల్చి చంపారు. ఆయన తయారుచేసిన నికెల్ టెట్రాఫ్లోరైడ్ మాయమైంది.

"మైనస్ అరవై అయిదు డిగ్రీల కన్నా వేడెక్కితే ఆ పొడి నిలవదు. విడిపోయి ఫ్లోరిన్ వాయువు కక్కుతుంది," అన్నాడు చీఫ్, ఏజెంట్‌తో. "పీల్చినవాడి ఊపిరితిత్తులు కాలిపోతాయి. టార్గెట్ రేపటి కాన్ఫరెన్స్. ఏసీ గొట్టాల్లోంచి వదులుతారు."

ఆ కాన్ఫరెన్స్‌లో తర్జుమా చేసే దుబాసీ ఎవరో కాదు, ఏజెంట్ అక్కే. తల్లి పోయాక అతణ్ని పెంచింది ఆమె. అక్కను రావద్దని చెప్పనా అని అడిగాడు. చెబితే ముఠా జారుకుంటుందన్నాడు చీఫ్. సాయంత్రం ఏజెంట్ అక్కకు ఫోన్ చేసి, తిన్నావా అని మాత్రం అడిగాడు. గొంతు వణకలేదు. వణికి ఉంటే తన మీద తనకు కాస్త గౌరవం మిగిలేది.

మర్నాడు ఉదయం ఏసీ మెకానిక్ వేషంలో కాన్ఫరెన్స్ హాలు బేస్‌మెంట్‌లోకి దిగాడు. ముఠా పెట్టిన కాపలావాడు పాస్ అడిగాడు. స్క్రూడ్రైవర్ వాడి మెడలో దిగింది. నిద్రపోతున్న పిల్లాణ్ని పడుకోబెట్టినట్టు వాణ్ని నేల మీదికి దించాడు. ఆ జాగ్రత్తే అతనికి రోత పుట్టించింది.

లోపల డ్రై ఐస్ పెట్టె తెరిచి ఉంది. ముఠా నాయకుడు పొడి ఉన్న నికెల్ సీసాను హాల్లోకి పోయే గాలి గొట్టానికి బిగించేశాడు. పక్కన పచ్చ గౌనులో పాటగత్తె. ఇటు చీఫ్‌కూ, అటు ముఠాకూ కబుర్లు మోసే మనిషి. నెలరోజులు ల్యాబ్‌లో కెమిస్ట్‌కు సహాయకురాలిగా నటించింది.

నాయకుడు తుపాకీ తీసి ఏజెంట్ మోకాలు పేల్చేశాడు. తర్వాత తీరిగ్గా సీసా కవాటం తిప్పబోయాడు. కవాటం చలికి బిగుసుకుపోయింది.

"మూతి దగ్గర కాస్త నూనె వెయ్యండి గురువుగారూ," అంది పాటగత్తె. "పెళ్లికూతురిలా బతిమాలించుకుంటోంది."

ఫ్లోరిన్ సీసా దగ్గరికి నూనె చుక్క రానివ్వరు. తగిలితే నిప్పే. ల్యాబ్‌లో మొదటిరోజు నేర్పేది అదే. ముఠాలో ల్యాబ్ పని నేర్చింది ఆమె ఒక్కతే. ఏజెంట్ ఆమె కళ్లలోకి చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది.

నాయకుడు నూనె పోసి, బలంగా తిప్పాడు. వేడెక్కుతున్న పొడిలోంచి అప్పటికే పేరుకున్న ఫ్లోరిన్ బుస్సుమంది. మంట వాడి ముఖాన్ని తినేసింది. అరవడానికి నోరు మిగల్లేదు.

ఏజెంట్ పాక్కుంటూ వెళ్లి కవాటం మూశాడు. సీసా ఊడబెరికి, రెండు చేతులతో డ్రై ఐస్‌లోకి కూరాడు. అరచేతుల చర్మం మంచుకు అంటుకుని ఊడివచ్చింది. సీసా మీది ఉష్ణోగ్రత మీటరు ముల్లు మైనస్ అరవై నాలుగు దగ్గర ఊగింది. ఊగి, వెనక్కి నడిచి మైనస్ అరవై అయిదు కిందికి దిగింది.

"నువ్వు ఎవరి మనిషివి?" అన్నాడు పాటగత్తెతో.

"ఇవాళ్టికి నీ మనిషినే."

గొట్టంలోంచి అక్క గొంతు దిగివచ్చింది. హాల్లో ఉక్కపోస్తోందట, ఏసీవాడు ఎక్కడ చచ్చాడని విదేశీ ప్రతినిధి అడుగుతున్నారట.